నిఘంటుకారుడు డాక్టర్ జాన్సన్

ఇంగ్లీషు నేర్చుకొనే మన విద్యార్థులలో పలువురు మాటకొక అర్థం చొప్పున కంఠస్థం చేసి, ఆ మూలధనంతోనే పరీక్షకు పోతూ ఉంటారు. 'ఫాల్' అంటే పడుట, 'బ్రేక్' అంటే విరుచుట, 'హెడ్' అంటే తల. ఇంతవరకు బాగానే ఉంటుంది. పాఠ్యగ్రంథంలో ఒక రాజ్యం పడిపోయినప్పుడు, ఒక పెద్దమనిషి తన మాటను విరిచినప్పుడు, ఒక నదికి తల మొలిచినప్పుడు వారికి దిక్కు తోచదు. నిజానికి ఈ వింత మనకు కొత్తది కాదు. తెలుగులో చేయి చేసుకొన్నవాడు, చేయి తడిపినవాడు, చేయిచ్చినవాడు ముగ్గురూ వేర్వేరు పనులు చేసినవారే. ఉర్దూలో 'హాథ్ మల్‌నా' అంటే చేతులు నలుపుకొనడంతో సరిపోదు, పశ్చాత్తాపపడటమని కూడ అర్థం. 'ఆంఖ్ లగ్‌నా' అంటే కునుకు పట్టడమూ కావచ్చు, మనసు పడటమూ కావచ్చు. తల్లిభాషలో ఇవన్నీ ఉగ్గుపాలతో వచ్చినవి గనుక మనకు కష్టం తెలియదు. మన ఆలంకారికులు వాచ్యార్థమనీ లక్ష్యార్థమనీ విభజించి చూపినదీ, ఉర్దూ పండితులు హకీకీ అర్థమనీ మజాజీ అర్థమనీ వేరుచేసినదీ ఈ మర్మాన్నే.

ఇంగ్లీషు మాటలకు ఈ రెండు తరగతుల అర్థాలను ఒక వరుసలో నిలిపి చూపడానికి తన యౌవన శేషాన్నంతటినీ ధారపోసిన డాక్టర్ శామ్యూల్ జాన్సన్ జీవితాన్ని ఈ పుటలలో చెప్పదలచాము. ఆయన పేరు వినగానే మన ఇంగ్లీషు విద్యార్థులకు జ్ఞప్తికి వచ్చేవి ఆయన వాక్చాతుర్యమూ, బాస్వెల్ వ్రాసిన చరిత్రా. కాని బాస్వెల్ ఆయనను మొదటిసారి చూచినది 1763లో. అప్పటికి నిఘంటువు వెలువడి ఎనిమిదేండ్లయింది. మాటలతో జాన్సన్ పడిన పెనుగులాటను బాస్వెల్ కన్నులారా చూడలేదు. అందుచేత మేము ఆ ఘట్టం దగ్గర కొంత ఎక్కువసేపు నిలుస్తాము. తక్కిన సంగతులు తెలిసినవే గనుక త్వరగా దాటిపోతాము.

1709వ సంవత్సరం సెప్టెంబరు 18న ఇంగ్లండు నడిమి భాగంలోని లిచ్‌ఫీల్డ్ పట్టణంలో జాన్సన్ జన్మించాడు. తండ్రి మైకేల్ పుస్తకాల వర్తకుడు. పుస్తకాలు మెండుగాను, రాబడి కొద్దిగాను ఉన్న ఇల్లు అది. శైశవంలోనే గండమాల వ్యాధి సోకి, ఒక కన్ను దాదాపు చూపు కోల్పోయింది. ఒక చెవి సరిగా వినిపించేది కాదు. రాజులు చేతితో తాకితే ఆ వ్యాధి నయమవుతుందని ఆనాటి విశ్వాసం. 1712లో తల్లి ఆ పసివానిని లండనుకు తీసుకొనిపోయి ఆన్ రాణి చేత తాకించింది. వ్యాధి మాత్రం తగ్గలేదు. ముఖం మీద మచ్చలు, తన వశంలో లేక కదిలే తల, భుజాలు ఆయనకు జీవితాంతం తోడైనాయి. అటువంటి ఆకారంతో సభలో నిలిచి మెప్పు పొందడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. తండ్రి అంగడిలోని పుస్తకాలే ఆయనకు తొలి మిత్రులైనాయి. అక్కడ చదివినది ఒక క్రమంలో చదివినది కాదు. చేతికి ఏది దొరికితే అది, దొరికినంతసేపు. నిఘంటుకారునికి ఇంతకంటె తగిన శిక్షణ మరొకటి లేదని మా అభిప్రాయం.

1728లో ఆక్స్‌ఫర్డులోని పెంబ్రోక్ కళాశాలలో చేరాడు. చదువులో ఎవరికీ తీసిపోలేదు గాని చేతిలో డబ్బు లేదు. చిరిగిన బూట్లలోనుంచి కాలివ్రేళ్లు కనబడుతూ ఉండేవట. ఎవరో జాలిపడి ఒక కొత్త బూట్ల జతను ఆయన గది వాకిట ఉంచి పోగా, అభిమానధనుడైన ఆ యువకుడు వాటిని విసిరిపారేశాడు. పదమూడు నెలలు గడిచేసరికి, 1729 డిసెంబరులో, పట్టం పుచ్చుకొనకుండానే ఇంటిదారి పట్టవలసి వచ్చింది. ఫీజు కట్టలేక చదువు మధ్యలో విడిచినవారు ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా ఉంటారు. జాన్సన్ వారిలో ఒకడు. ఈ సంగతిని మన విద్యార్థులు మాత్రమే కాక, ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలించే పెద్దలు కూడ గమనించదగును.

1735లో ఎలిజబెత్ పోర్టర్ అనే వితంతువును వివాహమాడాడు. వరునికి ఇరవై అయిదేండ్లు, వధువుకు నలభై ఆరు. లోకం నవ్వింది గాని ఆ దాంపత్యంలోని అనురాగం నిజమైనది. ఆమె తెచ్చిన ధనంతో లిచ్‌ఫీల్డ్ సమీపంలోని ఎడియల్ గ్రామంలో ఒక పాఠశాల పెట్టాడు. విద్యార్థులు రాలేదు. వచ్చిన కొద్దిమందిలో డేవిడ్ గారిక్ అనే బాలుడు తరువాత ఇంగ్లండు గర్వించే నటుడైనాడు. 1737లో ఆ గురుశిష్యులిద్దరూ కలిసి లండను చేరారు. అక్కడ జాన్సన్ పత్రికలకు వ్యాసాలు, అనువాదాలు, జీవితచరిత్రలు, శాసనసభా ప్రసంగాల నివేదికలు, అడిగినవారికి అడిగినవి వ్రాసి పొట్ట పోషించుకొన్నాడు. దాదాపు పదేండ్లు అలా గడిచాయి.

ఆ రోజులలో ఇంగ్లీషుకు నిఘంటువులే లేవనుకొనడం పొరబాటు. 1604లో రాబర్ట్ కాడ్రీ అనే ఉపాధ్యాయుడు సుమారు రెండున్నర వేల కఠిన పదాలతో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. తరువాత నాథన్ బెయిలీ నిఘంటువు ఇంటింటా వాడుకలోకి వచ్చింది. అయితే వీటిలో చాలా భాగం కఠిన పదాల మీదనే దృష్టి నిలిపినవి. తేలిక మాటలను గురించి ఎవరికీ బెంగ లేదు. కుక్క అంటే అందరూ ఎరిగిన జంతువు, అంతే. కాని భాషలో అసలైన చిక్కు కఠిన పదాలలో ఉండదు. కఠిన పదానికి సాధారణంగా ఒకే అర్థం ఉంటుంది. రోజుకు నూరుసార్లు నోట దొర్లే చిన్నమాటలే నూరు వేషాలు వేస్తాయి.

1746 జూన్ నెలలో లండను పుస్తక వర్తకులు కొందరు కలిసి జాన్సన్‌తో ఒప్పందం చేసుకొన్నారు. మొత్తం ప్రతిఫలం 1,575 పౌనులు. అందులోనుంచే సహాయకుల జీతాలు, కాగితాలు, ఇంటి అద్దె అన్నీ భరించుకోవాలి. మూడేండ్లలో ముగిస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఫ్రాన్సులో నలభై మంది పండితుల అకాడమీ నిఘంటువుకు నలభై ఏండ్లు పట్టిందని ఎవరో గుర్తుచేయగా, ఒక ఇంగ్లీషువాడు ఎందరు ఫ్రెంచివారికి సమానమో లెక్కకట్టి పరిహాసమాడాడట. మూడేండ్లు తొమ్మిదేండ్లయినాయి. కాలం ఆ పరిహాసానికి తగిన జవాబే చెప్పింది.

లండనులో గఫ్ స్క్వేర్ అనే చిన్న ఆవరణలో ఒక ఇల్లు తీసుకొన్నాడు. ఆ ఇంటి అట్టడుగు నుంచి పైకెక్కితే కప్పు కింద ఒక పొడుగాటి గది. అందులో గుమాస్తాల కచేరీ వలె బల్లలు వేయించి ఆరుగురు లేఖకులను కూర్చుండబెట్టాడు. వారిలో అయిదుగురు స్కాట్లండువారు. జాన్సన్ స్కాట్లండువారిని నిత్యం ఎగతాళి చేసేవాడు. ఓట్స్ అనే ధాన్యానికి అర్థం వ్రాస్తూ, ఇంగ్లండులో గుర్రాలు తినేదీ స్కాట్లండులో మనుష్యులు తినేదీ అని వారిని గిల్లినాడు కూడ. ఆ వాక్యానికి శుద్ధప్రతి వ్రాసిన చేయి ఒక స్కాట్లండువానిదే కావచ్చు.

పని జరిగిన తీరు ఇది. జాన్సన్ షేక్స్‌పియర్, మిల్టన్, డ్రైడెన్, బేకన్, లాక్ మొదలైన వారి గ్రంథాలు ముందు పెట్టుకొని చదువుతాడు. ఒక మాట ప్రయోగం బాగున్నచోట సీసపు పెన్సిలుతో గీత గీసి, ఆ మాట మొదటి అక్షరాన్ని అంచున వ్రాస్తాడు. లేఖకులు ఆ వాక్యాన్ని చీటీ మీదికి ఎత్తి వ్రాస్తారు. చీటీలను అక్షరక్రమంలో పేరుస్తారు. మిత్రుల వద్ద ఎరువు తెచ్చిన పుస్తకాలకు పట్టిన గతిని ఊహించుకోవచ్చు. తిరిగి చేరినవి గీతలతో, మరకలతో చేరేవట. మన గ్రంథాలయాధికారి ఆ కాలంలో లేకపోవడం ఇంగ్లీషు భాష అదృష్టం.

ఇక్కడ ఒక ముఖ్య విషయం చెప్పాలి. మాటకు అర్థం ఇదీ అని ముందుగా తానే నిర్ణయించుకొని, దానికి ఉదాహరణలు వెదకడం జాన్సన్ మొదట తలపెట్టిన మార్గం. అర్థాలకు ఇంత చోటు చాలునని లెక్కవేసి, వ్రాతప్రతిలో శీర్షికలు అమర్చుకొంటూ కొంత దూరం పోయాడు. చీటీలు వచ్చి పడుతూ ఉంటే ఆ చోటు చాలలేదు. ఏ మాటకూ ముందు అనుకొన్నన్ని అర్థాలతో పని తీరలేదు. గొప్ప రచయితలు ఒక్కొక్కరు ఆ మాటను ఒక్కొక్క వైపు తిప్పారు. చివరకు అప్పటి వ్రాతప్రతిని విడిచిపెట్టి, పనిని మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. కాగితానికి రెండు వైపులా వ్రాసిన కొంత భాగాన్ని అచ్చుకూటం వారి కోసం తిరిగి ఒక వైపునకే వ్రాయించడానికి ఇరవై పౌనులు ఖర్చయిందట. ఇరవై పౌనుల కంటె పెద్ద ఖర్చు మరొకటి ఉంది. అర్థాన్ని శాసించాలని కూర్చున్న పండితుడు, ప్రయోగం చెప్పినట్లు వినే శిష్యుడైనాడు. ఆ నిఘంటువు గొప్పతనమంతా ఈ ఓటమిలో ఉన్నదని మేము భావిస్తాము.

శిష్యుడైనంత మాత్రాన గుమాస్తా కాలేదు. పోగుపడిన అర్థాలకు ఒక వరుస ఉండాలని ఆయన పట్టు. మొదట ప్రకృతిసిద్ధమైన మూలార్థం, తరువాత దానినుండి సహజంగా ప్రవహించిన అర్థం, ఆ తరువాత పోలిక వలన ఏర్పడిన లాక్షణికార్థం. 1747లో ప్రకటించిన ప్రణాళికలో ఆయన 'అరైవ్' అనే మాటను ఉదాహరణగా తీసుకొన్నాడు. లాటిన్‌లో ఒడ్డు అనే మాటనుండి పుట్టినది గనుక దాని మూలార్థం నావ ఒడ్డు చేరడం. తరువాత నేలమీద గాని నీటిమీద గాని ఏ చోటికైనా చేరడం అయింది. ఆ పిమ్మట కోరిన పదవిని చేరడం కూడ అదే మాట అయింది. ఒక్కసారి ఈ మెట్లు ఎక్కి చూచిన విద్యార్థికి మూడు అర్థాలను మూడు వేర్వేరు భారాలుగా మోయవలసిన అవసరం ఉండదు. ఒడ్డు కనబడితే చాలు, పదవి దానంతట అదే కనబడుతుంది. మనం కూడ ఒక పని పూర్తి అయినప్పుడు గట్టెక్కామనే కదా అంటాము. ఆ గట్టు ఏ చెరువుదో ఎవరూ అడగరు.

కొన్ని మాటలలో మరొక విచిత్రం ఆయన కంటబడింది. లాక్షణికార్థం పెరిగి పెద్దదై మూలార్థాన్ని ఇంటిలోనుంచి వెళ్లగొడుతుంది. 'ఫ్లేగ్రెంట్' అనే మాటకు మూలార్థం మండుచున్నది అని. కాని ఇంగ్లీషులో మంటను ఆ మాటతో చెప్పినవారు ఆయనకు కనబడలేదు. పచ్చి అపరాధాన్నే అలా అంటారు. అయినా ప్రయోగం దొరకని ఆ మూలార్థాన్ని ఆయన మొదటి స్థానంలోనే నిలిపాడు. అది లేకపోతే తరువాతి అర్థం ఎక్కడినుండి వచ్చిందో చదువరికి తెలియదని ఆయన ఉద్దేశం. ఇల్లు విడిచిపోయిన పెద్దకు గోడమీద పటం కట్టినట్లు ఉంటుంది ఈ ఏర్పాటు.

అన్ని మాటలూ ఇలా నిచ్చెన మెట్లవలె అమరలేదు. ఒకే మూలం నుంచి పక్కపక్కనే కొమ్మలు చీలితే వాటిలో ఏది ముందు, ఏది వెనుక? తలను సూచించే 'హెడ్' అనే మాటనే చూడండి. గుండుసూది తల, నది పుట్టినచోటు, ఒక శాఖకు అధిపతి. ఒకటి ఆకారాన్ని బట్టి, ఒకటి స్థానాన్ని బట్టి, ఒకటి అధికారాన్ని బట్టి వచ్చాయి. ఇవి అన్నదమ్ములే గాని తండ్రికొడుకులు కావు. ఈ ఇబ్బందిని జాన్సన్ తన పీఠికలో దాచుకోలేదు. ఒక అర్థం మరొక అర్థంలోకి ఎక్కడ కరిగిపోతుందో గీత గీయలేని స్థలాలు ఉన్నాయని ఒప్పుకొన్నాడు. 'టేక్' అనే చిన్న క్రియకు ఆయన లెక్కించిన అర్థాలు 134. మన విద్యార్థికి తెలిసినది వాటిలో ఒకటి, తీసుకొనుట.

ఇంతకంటె మనకు ఉపకరించే భాగం మరొకటి ఉంది. క్రియ వెనుక ఒక చిన్న అవ్యయాన్ని తగిలిస్తే అర్థం పూర్తిగా మారిపోవడం ఇంగ్లీషులో విస్తారంగా ఉన్నదనీ, పరదేశీయులకు అన్నిటికంటె ఎక్కువ కష్టం కలిగించేది ఇదేననీ ఆయన గుర్తించాడు. 'గివ్' అంటే ఇచ్చుట, 'ఓవర్' అంటే పైన. ఈ రెంటినీ కూడితే ఆనాటి ఇంగ్లీషులో మానుట అని అర్థం. 'ఫాల్', 'ఆన్' కలిస్తే శత్రువు మీద విరుచుకుపడుట. 'బేర్', 'అవుట్' కలిస్తే సమర్థించుట. రెండు మాటల అర్థాలు విడివిడిగా తెలిసినంత మాత్రాన మూడవది తెలియదు. జాన్సన్ వీటిని శ్రద్ధగా పోగుచేసి, ప్రతి క్రియ కిందా విడివిడిగా చూపాడు. అచ్చు ఇంగ్లీషువారికే అయినా, ఆ శ్రద్ధలో పరదేశి విద్యార్థి మీద కూడ దయ కనబడుతున్నది. పరీక్షలలో ఈ జంటపదాల ప్రశ్న వచ్చినప్పుడెల్లా విసుగుకొనే మన విద్యార్థులు ఆయనను ఒకసారి తలచుకోవచ్చు.

పని సగంలో ఉండగా 1752 మార్చిలో భార్య మరణించింది. ఆ దుఃఖం నుంచి ఆయన ఎన్నడూ పూర్తిగా తేరుకోలేదు. ఏటేటా ఆమె మరణదినాన్ని ప్రార్థనతో గడిపేవాడు. నిఘంటువు తెచ్చే కీర్తిని పంచుకొనే మనిషి లేకుండాపోయింది.

ప్రణాళికను చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకు అంకితం చేసినప్పుడు ఆ ప్రభువు పది పౌనులు ఇచ్చి ఊరుకొన్నాడు. ఏడేండ్లు ఆయన ఊసు లేదు. నిఘంటువు సిద్ధమైనదని తెలిసి 1754లో పత్రికలో రెండు ప్రశంసావ్యాసాలు వ్రాశాడు. జాన్సన్‌కు ఆగ్రహం వచ్చింది. 1755 ఫిబ్రవరిలో ఆయన ప్రభువుకు వ్రాసిన ఉత్తరం ఇంగ్లీషు సాహిత్యంలోని గొప్ప ఉత్తరాలలో ఒకటి. నీటిలో కొట్టుకుపోతున్నవాడిని చూస్తూ నిలబడి, వాడు గట్టు చేరిన తరువాత సహాయమని మీదపడేవాడే పోషకుడా అన్నది దాని సారాంశం. గమనించండి, ఇక్కడ కూడ ఒడ్డే వచ్చింది. కోపంలో సైతం ఆ మనిషి నోటికి ఉపమానమే వచ్చింది. కూర్చిన నిఘంటువులో వెదకి తెచ్చుకొన్నది కాదు అది.

1755 ఏప్రిల్ 15న రెండు పెద్ద సంపుటాలుగా నిఘంటువు వెలువడింది. 42,773 పదాలు, సుమారు 1,14,000 ప్రయోగ వాక్యాలు. వెల నాలుగు పౌనుల పది షిల్లింగులు. ఒక కూలివాడు నెలల తరబడి కష్టపడినా కొనలేని ధర. మరుసటి సంవత్సరం పది షిల్లింగులకు సంక్షిప్త ప్రతి వచ్చిన తరువాతనే సామాన్య చదువరులకు అందుబాటయింది. పట్టం లేకుండా పంపివేసిన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం, గ్రంథం అచ్చు ముగిసే వేళకు ఎం.ఏ. పట్టాన్ని గౌరవంగా పంపింది.

దోషాలు లేవా? ఉన్నాయి. గుర్రపు కాలి గిట్టకు పైభాగాన్ని తెలిపే ఒక మాటకు మోకాలు అని అర్థం వ్రాశాడు. ఒక స్త్రీ కారణమడిగితే, తన అజ్ఞానమే కారణమని నిస్సంకోచంగా బదులు చెప్పాడు. తరువాత 1773 ముద్రణలో దిద్దుకొన్నాడు. వల అల్లికను తెలిపే తేలిక మాటకు ఆయన ఇచ్చిన వివరణ చదివితే, వలలో చిక్కుకొన్నది పాఠకుడేనని తోస్తుంది. ఎక్సైజ్ అనే పన్ను మీద తనకున్న ద్వేషాన్ని అర్థం పేరుతో వెళ్లగక్కాడు. నిఘంటువు అటువంటి కచ్చలు తీర్చుకొనే స్థలం కాదని మా నమ్మకం. భాషను స్థిరపరచి నిలబెడతానని బయలుదేరిన మనిషి, చివరకు పీఠికలో అది ఏ నిఘంటువు వల్లా కాని పని అని అంగీకరించాడు. ఆ ఒక్క ఒప్పుకోలు ముందు చిన్న తప్పులు లెక్కలోనివి కావు.

కీర్తి వచ్చింది గాని కూడు రాలేదు. ఒప్పందపు సొమ్ము పని ముగియక ముందే ఖర్చయిపోయింది. 1756 మార్చిలో అయిదు పౌనుల పద్దెనిమిది షిల్లింగుల బాకీకి ఆయనను నిర్బంధించగా, నవలాకారుడు రిచర్డ్‌సన్ డబ్బు పంపి విడిపించాడు. 1759లో తల్లి మరణించినప్పుడు అంత్యక్రియల ఖర్చుకై 'రాసెలాస్' అనే కథను త్వరత్వరగా వ్రాశాడు. 1762లో రాజు సంవత్సరానికి 300 పౌనుల పెన్షన్ మంజూరు చేశాడు. పెన్షన్ అనే మాటకు రాజుకు అమ్ముడుపోయినవాని కూలి అన్నట్లు అర్థం వ్రాసినవాడు తానే. మిత్రులను సంప్రదించి, ఇది చేసిన పనికే గాని చేయబోయే పనికి కాదని నిశ్చయించుకొని పుచ్చుకొన్నాడు. విరోధులు నిఘంటువు తెరిచి చూపి నవ్వారు. అర్థాలు వ్రాసేవారికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తరువాత 1765లో షేక్స్‌పియర్ నాటకాల పరిష్కరణ, 1779 నుంచి 1781 వరకు కవుల చరిత్రలు వెలువడ్డాయి.

1764లో మొదలైన ఆయన మిత్రగోష్ఠిలో విలియం జోన్స్ 1773లో సభ్యుడైనాడు. 1771లోనే పారసీక వ్యాకరణం ప్రకటించిన ఈ జోన్సే 1783లో న్యాయమూర్తిగా కలకత్తా చేరి, మరుసటి ఏట ఆసియాటిక్ సొసైటీని స్థాపించాడు. కవుల ప్రయోగాలతో మాటల అర్థం నిరూపించే పద్ధతి మన భాషల నిఘంటువులలో కూడ కనబడుతుంది. 1852లో మదరాసులో అచ్చయిన బ్రౌన్ దొర తెలుగు నిఘంటువులో మన కావ్యాల పాదాలు సాక్ష్యం పలుకుతాయి. 1879లో ఫాలన్ ప్రకటించిన హిందుస్తానీ నిఘంటువు కవులతో తృప్తిపడక, సామెతలనూ స్త్రీల వాడుక మాటలనూ కూడ సాక్షులుగా పిలిచింది. ఉర్దూ చదివే మిత్రులు, తెలుగు చదివే మిత్రులు ఈ రెండు గ్రంథాలనూ పక్కపక్కన తెరిచి ఒక్క 'చేయి' అనే మాట కిందనూ, 'హాథ్' అనే మాట కిందనూ ఏమున్నదో చూస్తే ఒక సాయంకాలం సుఖంగా గడుస్తుంది.

1784 డిసెంబరు 13న తన డెబ్బై అయిదవ ఏట జాన్సన్ కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేశారు. భార్య పోయిన కొద్ది దినాలకు, 1752లో, ఫ్రాన్సిస్ బార్బర్ అనే బాలుడు ఆ ఇంట ప్రవేశించాడు. జమైకాలో బానిసగా పుట్టినవాడు. జాన్సన్ వానిని సేవకునిగా ఉంచుకొన్నా, కొంతకాలం తన ఖర్చుతో బడికి పంపి లాటిన్, గ్రీకు చదివించాడు. మరణశాసనంలో ఏటా 70 పౌనులు వచ్చే ఏర్పాటు చేసి, మిగిలిన ఆస్తిలో ముఖ్యభాగం అతనికే వ్రాశాడు. లండను పెద్దలు కొందరు ముక్కున వేలు వేసుకొన్నారు. బార్బర్ తన భార్యాబిడ్డలతో లిచ్‌ఫీల్డ్‌కు, తన యజమాని పుట్టిన ఊరికి, వెళ్లి స్థిరపడ్డాడు.